లేబుల్ కొలత ప్రింటర్‌కు చెప్పాల్సింది మనమే

పచ్చడి సీసా అయినా, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె అయినా ఊరు దాటి అమ్ముడుపోవాలంటే దాని మీద లేబుల్ ఉండాలి. అందుకే ఇంటి దగ్గర సరుకు తయారుచేసేవాళ్లు కూడా లేబుల్ ప్రింటర్లు కొంటున్నారు. కొన్నాక ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ధర ఒక స్టిక్కర్ మీద మొదలై తర్వాతి స్టిక్కర్ మీదికి జారుతుంది. ఒకటి ముద్రపడితే ఒకటి ఖాళీగా వస్తుంది. బార్‌కోడ్‌ను స్కానర్ చదవదు. తప్పు మిషన్ మీదికి పోతుంది కానీ, చాలా సందర్భాల్లో అది సెట్టింగులదే. లోపల వేసిన రోల్ ఒకటి, మనం కంప్యూటర్‌కు చెప్పిన రోల్ మరొకటి.

ఇది ఎందుకో మిషన్ పనితీరు చూస్తే అర్థమవుతుంది. రోల్‌లో స్టిక్కర్‌కూ స్టిక్కర్‌కూ మధ్య సాధారణంగా 2, 3 మిల్లీమీటర్ల గ్యాప్ ఉంటుంది. అక్కడ వెలుతురు ఎక్కువగా దూరుతుంది కాబట్టి కొత్త స్టిక్కర్ ఎక్కడ మొదలైందో సెన్సర్ పసిగడుతుంది. కొన్ని రోల్స్‌కు వెనక నల్ల గీత ఉంటుంది. ఏ గుర్తూ లేని కంటిన్యువస్ రోల్‌కు మాత్రం మనం ఇచ్చిన పొడవే ఆధారం. గ్యాప్ ఉన్న రోల్ వేసి సెట్టింగులో కంటిన్యువస్ అని వదిలేస్తే, స్టిక్కర్‌కు అర మిల్లీమీటర్ తేడా 20 స్టిక్కర్లు దాటేసరికి 10 మిల్లీమీటర్లవుతుంది. కాబట్టి ముందు స్కేలుతో కొలవాలి. స్టిక్కర్ వెడల్పు, ఎత్తు వేరుగా, గ్యాప్ వేరుగా నమోదు చేయాలి. పక్కపక్కన రెండేసి స్టిక్కర్లున్న రోల్ అయితే వరుస మొత్తం వెడల్పు ఇచ్చి, రెండు కాలమ్‌లని చెప్పాలి. కాలిబ్రేషన్ చేస్తే మిషనే అన్నీ తెలుసుకుంటుంది కదా అని కొందరంటారు. కాలిబ్రేషన్ తప్పక చేయాల్సిందే. అయితే దానివల్ల మిషన్‌కు తెలిసేది స్టిక్కర్ పొడవు, గ్యాప్ మాత్రమే. వెడల్పు ఎంతో, రోల్‌లో ఉన్నది ఏ రకం కాగితమో దానికి తెలియదు.

చిన్న స్టిక్కర్ చవక కదా అన్నది రెండో మాట. మామూలు దుకాణాల్లో వాడే 13 అంకెల బార్‌కోడ్ లెక్క చూస్తే ఆ పొదుపు ఎక్కడ బెడిసికొడుతుందో తెలుస్తుంది. ఇరువైపులా వదలాల్సిన ఖాళీతో కలిపి ఆ బార్‌కోడ్‌కు 113 సన్నగీతల వెడల్పు కావాలి. ఒక్కో గీత ప్రామాణిక మందం 0.33 మిల్లీమీటర్లు, 80 శాతం కన్నా, అంటే 0.264 కన్నా తగ్గకూడదు. ఎక్కువగా వాడే 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ప్రింటర్‌లో ఒక చుక్క 0.125 మిల్లీమీటర్లు. రెండు చుక్కలు వేస్తే 0.25, అది చాలదు. మూడు వేస్తే 0.375, అప్పుడు మొత్తం 42 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే 38 మిల్లీమీటర్ల స్టిక్కర్ మీద అది నిబంధన ప్రకారం పట్టదు. 50 మిల్లీమీటర్లది కావాలి. సాఫ్ట్‌వేర్‌లో కుదించి ఇరికిస్తే కంటికి బాగానే కనిపిస్తుంది కానీ కౌంటర్ దగ్గర స్కానర్ మొరాయిస్తుంది.

కొలతతో పాటు కాగితం రకం కూడా అంతే ముఖ్యం. డైరెక్ట్ థర్మల్ కాగితం వేడికి తానే నల్లబడుతుంది, సిరా రిబ్బన్ అక్కర్లేదు. నాలుగు రోజుల్లో చేరిపోయే కొరియర్ పార్సిల్‌కు అది చాలు. నూనె, ఎండ, వేడి తగిలితే మాత్రం ఆ ముద్ర చెడుతుంది. ఆవకాయ సీసాకు ప్లాస్టిక్ ఫిల్మ్ స్టిక్కర్, రెజిన్ రిబ్బన్ మేలు. రిబ్బన్ వేసినప్పుడు సెట్టింగులో థర్మల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. రిబ్బన్ లేకుండా అదే ఎంపిక ఉంటే మిషన్ రిబ్బన్ అయిపోయిందని ఆగిపోతుంది. ముద్ర పలచగా ఉందని డార్క్‌నెస్ పెంచుకుంటూ పోవడం పరిష్కారం కాదు. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ప్రింట్ హెడ్ త్వరగా అరుగుతుంది. ముందు స్పీడ్ తగ్గించి చూడాలి.

చిన్న వ్యాపారానికి ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. ప్యాక్ చేసిన సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర తూకం, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం స్పష్టంగా ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. కొనేవాడికి ఆ సరుకు గురించి భరోసా ఇచ్చేది ఆ నాలుగు పంక్తులే. అవి సగం తెగినా, నూనెకు చెరిగినా నష్టపోయేది అతనే. కాబట్టి రోల్ మార్చిన ప్రతిసారీ కొలవండి, కాలిబ్రేట్ చేయండి, ఒక స్టిక్కర్ తీసి స్కాన్ చేసి చూడండి. ఆ తర్వాతే వంద ముద్రించండి.