రేగడి బాటలో బండి దిగబడితే: మనిషికి, బండికి, నేలకు నష్టం లేకుండా బయటకు తీసే పద్ధతి



మన సేద్యంలో మోసుకెళ్లే పని ఎక్కువ. పశువుల ఎరువు తోలాలి, ఘనజీవామృతం చల్లాలి, జీవామృతం డ్రమ్ములు చేను దాకా చేర్చాలి, కోసిన కూరగాయలు తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలి. మధ్యలో ఒక్క గట్టి వాన పడితే చాలు, డొంకలో ట్రాక్టరో, చిన్న ట్రాలీ ఆటోనో ఇరుసు దాకా దిగబడుతుంది. కొన్ని ఊళ్లలో దీన్ని పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. పేరు ఏదైనా బురద ఒకటే.

బండి దిగబడగానే చాలామంది చేసే మొదటి పని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. బండి ఆగింది ఇంజన్‌కి బలం చాలక కాదండి, టైరుకి పట్టు దొరక్క. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పే విషయాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

నల్లరేగడి ఎందుకు మింగేస్తుంది?

నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఉంటుంది. అది నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలంలో చేయి పట్టేంత నెర్రెలు ఇచ్చిన నేలే వానాకాలంలో వెన్నలా జారిపోవడానికి కారణం ఇదే. పైగా ఆ మట్టి టైరు పళ్ల మధ్య నిండిపోయి వదలదు. అప్పుడు గాళ్లున్న కొత్త టైరు కూడా అరిగిపోయిన నున్నటి టైరుతో సమానం. ఎర్ర నేలలో, ఇసుక పాలు ఉన్న దుబ్బ నేలలో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి వాన వెలిసిన కొన్ని గంటలకే బండి నడుస్తుంది. రేగడిలో రోజులు ఆగాల్సి వస్తుంది.

రెండో కారణం డిఫరెన్షియల్. మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగడానికి ఇది ఉంటుంది. బురదలో మాత్రం ఇది మనకు అడ్డం తిరుగుతుంది. పట్టు లేని చక్రం గిర్రున తిరుగుతుంటే, గట్టి నేల మీద ఉన్న చక్రం కదలకుండా ఉండిపోతుంది.

చక్రం ఉత్తినే తిరిగిందంటే వెంటనే ఆపండి

చక్రం తిరుగుతున్నా బండి కదలట్లేదంటే ఆ చక్రం గొయ్యి తవ్వుతోందని అర్థం. కొన్ని సెకన్లలోనే ఇరుసు నేలకు ఆనుతుంది. ఆ తర్వాత బండి బరువంతా ఇరుసు మీదే కూర్చుంటుంది, టైరు గాల్లో తిరిగినట్టే తిరుగుతుంది. అందుకే మొదటిసారి జారగానే ఆపి, కిందికి దిగి చూడండి. వీడియోలో చూపించిన వరుస ఇది:

1. ముందు బరువు దించండి. 200 లీటర్ల డ్రమ్ము నిండా ఉంటే 200 కిలోల పైమాటే. ఐదు డ్రమ్ములంటే టన్ను. దింపడానికి అరగంట పడుతుందని బద్ధకిస్తే రాత్రంతా అక్కడే ఉండాల్సి రావచ్చు. ఒక సంగతి గమనించండి. పైన జారుడుగా ఉండి కింద నేల గట్టిగా ఉంటే వెనక చక్రాల మీద కొంచెం బరువు ఉండటమే మేలు. లోతుగా దిగబడితే మాత్రం బరువే శత్రువు.

2. ట్రాలీ ఒక పక్కకు ఒరిగి ఉంటే హైడ్రాలిక్‌తో ఎత్తి దింపొద్దు. తొట్టి లేచే కొద్దీ బరువు పైకి పోయి మొత్తం పక్కకు పడిపోతుంది. చేత్తో, తట్టలతోనే దించండి.

3. పారతో టైరు ముందు, వెనక మట్టి తీయండి. టైరుకి ఎదురుగా నిలువు గోడ ఉండకూడదు, ఏటవాలుగా దారి చేయాలి. ఇరుసుకు ఆనిన మట్టిని కూడా తీసేయండి. గాడిలో నీళ్లుంటే పక్కకు చిన్న కాలువ తీసి వదిలేయండి.

4. టైరు కింద పట్టు ఇచ్చేది వేయండి. చెక్క పలకలు, రాళ్లు, పత్తి కట్టె, కంది కట్టె మోపులు పనికొస్తాయి. గోనె సంచులు వేస్తే టైరు నోటి దగ్గర బాగా దూర్చాలి. ఎండుగడ్డి ఒక్కటే వేస్తే నిలవదు. పైగా వేడెక్కిన సైలెన్సర్‌కి తగిలితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

5. చిన్న బండ్లకు లోడు దించాక టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే టైరు వెడల్పుగా నేలను పట్టుకుంటుంది. బయటకు వచ్చాక నెమ్మదిగా నడిపి, రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపుకోవాలి.

6. స్టీరింగ్ నిటారుగా పెట్టి, వచ్చిన దారినే వెనక్కి తీయడానికి చూడండి. వెనక ఉన్నది మీరు దాటి వచ్చిన నేల, ముందున్నది ఎలా ఉందో తెలియదు. తక్కువ వేగం, క్లచ్ మెల్లగా వదలడం. టైరు వెనక, ముందు మనుషులు నిలబడకూడదు. పలక, రాయి ఎగిరి తగిలితే కాలు విరుగుతుంది.

ట్రాక్టర్ అయితే ఇది తప్పక చదవండి

ట్రాక్టర్ దిగబడినప్పుడు అసలు ప్రమాదం వెనక్కి తిరగబడటం. అది ఎలా జరుగుతుందో చూద్దాం. ఇంజన్ ఇరుసును తిప్పుతుంది, ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం బురదలో బిగిసిపోయి తిరగలేకపోతే ఆ బలం ఎటు పోవాలి? ట్రాక్టర్‌నే ఇరుసు చుట్టూ తిప్పేస్తుంది. ముందు చక్రాలు లేస్తాయి, రెండు సెకన్ల లోపే ట్రాక్టర్ డ్రైవర్ మీద పడుతుంది. క్లచ్ తొక్కుదాం, దూకుదాం అనుకునే టైం కూడా ఉండదు.

కొందరు వెనక చక్రాలకు దుంగ అడ్డంగా కట్టి ముందుకు ఎక్కిస్తుంటారు. దుంగ నేలలో బిగుసుకుంటే చక్రం ఆగిపోతుంది, అప్పుడు జరిగేది సరిగ్గా పైన చెప్పిందే. ఎవరు ఎంత అనుభవంతో చెప్పినా ఈ పని చేయొద్దు. ముందు లేవకుండా బంపర్ మీద మనుషుల్ని నిలబెట్టడం కూడా అంతే ప్రమాదం.

సరైన పద్ధతి ఏంటంటే, ముందు ట్రాలీని ట్రాక్టర్ నుంచి విడదీయాలి. ట్రాలీ చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు కొక్కెం కింద దుంగలు పేర్చి, అప్పుడే పిన్ను తీయండి. చేయి, కాలు దాని కింద పెట్టొద్దు. ఒంటి ట్రాక్టర్‌ని వెనక్కి తీయడానికి ప్రయత్నించండి. డిఫరెన్షియల్ లాక్ పెడల్ చాలా ట్రాక్టర్లలో కుడి మడమ దగ్గర ఉంటుంది. చక్రం ఆగి ఉన్నప్పుడే దాన్ని వేయాలి. వేశాక స్టీరింగ్ తిప్పకూడదు, గట్టి నేల రాగానే వదిలేయాలి. రోల్ బార్ ఉన్న ట్రాక్టర్ అయితే సీటు బెల్టు పెట్టుకోండి.

ఇంకో ట్రాక్టర్‌తో లాగేటప్పుడు

లాగే ట్రాక్టర్ గట్టి నేల మీద ఉండాలి, గొలుసు పొడవుగా ఉండాలి. గొలుసును డ్రాబార్‌కే కట్టాలి, అంటే వెనక ఇరుసు కంటే కిందికి. టాప్ లింక్ దగ్గర, సీటు కింద, ఇరుసు పైన ఎక్కడ కట్టినా లాగే ట్రాక్టర్ ముందు భాగం లేస్తుంది. గొలుసు బిగిసే దాకా మెల్లగా జరిగి, ఆ తర్వాత లాగాలి. వదులుగా ఉంచి ఎగదన్నితే గొలుసో కొక్కెమో తెగి తూటాలా వస్తుంది. అందుకే గొలుసు పొడవు కంటే ఎక్కువ దూరంలో అందరూ నిలబడాలి. గొలుసు మధ్యలో తడి గోనె సంచులు బరువుగా వేస్తే తెగినా దాని విసురు కొంత తగ్గుతుంది.

రెండు ప్రయత్నాల్లో రాకపోతే ఆపేయండి. బండిని రాత్రికి అక్కడే వదిలేసినా ఏం పోదు. సరుకు మోతగా రోడ్డుకి చేర్చుకుని, నేల ఆరాక తీసుకోవచ్చు.

చేనుకి జరిగే నష్టం

పాలేకర్ గారు చెప్పే నాలుగు చక్రాల్లో బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదనతో పాటు వాఫస ఉంది కదా. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి, తేమ కలిసి ఉండటమే వాఫస. తడి నేల మీద బరువైన చక్రం వెళ్తే ముందు పోయేది ఆ ఖాళీలే. వానపాము దారులు మూసుకుపోతాయి, నీరు ఇంకదు, ఆ గాడి పొడవునా మొక్క గిడసబారుతుంది. అణుగుడులో ఎక్కువ భాగం మొదటిసారి చక్రం వెళ్లినప్పుడే జరిగిపోతుంది. అంటే "ఒక్కసారే కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. బరువు ఎక్కువయ్యే కొద్దీ అణుగుడు లోతుకి పోతుంది, ఆ లోతున పడిన గట్టి పొర ఏళ్ల తరబడి ఉంటుంది. ఏళ్లుగా గుల్లబారిన నేలను ఒక్క సాయంత్రం పాడు చేసుకోవద్దు.

గాడి పడిపోయిందనుకోండి, తడి మీద దున్నకండి. నీళ్లు బయటకు వదిలి, పదును వచ్చాక గడ్డపారతో గుల్ల చేయండి. ఘనజీవామృతం వేసి, ఆచ్ఛాదన కప్పండి. జీలుగ, జనుము, కంది లాంటివి ఆ గాడి వెంట వేస్తే వేళ్లు లోపలికి దారి చేస్తాయి.

దిగబడకుండా ముందే చేసుకోవాల్సినవి

- బండి దింపే ముందు జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి, నడుము ఎత్తు నుంచి వదలండి. పగిలితే వెళ్లొచ్చు. ముద్దగానే పడి ఉంటే బండి గట్టునే ఉండాలి.
- ఎరువు తోలకం రోహిణి కార్తెలోనే ముగించండి. మృగశిర వానలు మొదలయ్యాక రేగడిలో తోలకం పెట్టుకోవద్దు.
- జీవామృతం తయారీ బోరు దగ్గర, రోడ్డు పక్కన పెట్టుకుని, వడకట్టి పైపు ద్వారా నీటితో పారించండి. వానాకాలంలో డ్రమ్ములు మోసే పనే ఉండదు.
- చేనులో బండికి ఒకే దారి నిర్ణయించండి. ఎప్పుడూ అదే గాడిలో వెళ్తే మిగతా చేను గుల్లగా ఉంటుంది.
- డొంక మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా కాలువతో ఉండాలి. నీరు పోయే దారి లేకుండా ఎంత గ్రావెల్, మొరం పోసినా రేగడి లోపలికి లాక్కుంటుంది. ముందు కాలువ, పల్లంలో తూము, ఆ తర్వాతే మొరం. ఆ డొంక వాడుకునే రైతులంతా కలిసి వేసవిలోనే చేసుకోవాల్సిన పని ఇది.
- బండిలో ఒక పార, రెండు పలకలు, నాలుగు గోనె సంచులు, గట్టి గొలుసు, టార్చి లైటు ఎప్పుడూ ఉంచండి.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వరి కోతల కాలం. తుపాను కబురు వినగానే పంటను ఎలాగైనా రోడ్డెక్కించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తొందరలో ముందు మీ డొంక చూసుకోండి. వాన పడకముందే బండి తిప్పండి. పడ్డాక అయితే కుప్ప మీద పట్టా కప్పి ఆగండి.

మీ ఊరి డొంక రేగడా, ఎర్ర నేలా? దిగబడినప్పుడు మీరు వాడే ఉపాయం ఏంటో కామెంట్లో రాయండి. ట్రాక్టర్ నడిపే మీ ఇంటి పిల్లలకు ఈ వీడియో ఒకసారి చూపించండి.