తెర మీద కన్నీళ్లు... తెర దించాక తీర్పులు!

రెంటచింతల అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎండ! మా పల్నాడులో ఆ మాటకు తిరుగులేదు. కానీ నాకు గుర్తొచ్చేది ఒక చల్లని రాత్రి. 2002 తపస్సుకాలంలో, అక్కడి చర్చి ముందు కట్టిన తెల్లగుడ్డ మీద "కరుణామయుడు" చూశాను. నాకప్పుడు పదేళ్లు.

1978 డిసెంబరులో విడుదలైన చిత్రమది. దర్శకుడు ఎ.భీమ్‌సింగ్ విడుదల చూడకుండానే ఆ జనవరిలోనే కన్నుమూశారు. ఆంధ్రకేసరి మనవడు విజయచందర్ సిలువ మోస్తుంటే జనమంతా వెక్కివెక్కి ఏడ్చారు. నా పక్కన కూర్చున్న మా బంధువు, మా ఊరి చర్చి పెద్ద, కండువాతో కళ్లొత్తుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

ఆ ఏడే వానాకాలంలో మా ఊళ్లో (పేరెందుకు లెండి) ఒక పత్తి రైతు అప్పులు తాళలేక తన ప్రాణం తానే తీసుకున్నాడు. "సమాధుల దొడ్డిలో చోటు లేదు. గోడ అవతలే!" అని తీర్పు చెప్పిందెవరనుకున్నారు? ఆ కండువా పెద్దాయనే!

"ఆదివారం పూజ ఏనాడూ మానలేదన్నా నా బిడ్డ" అంటూ రైతు తల్లి ఆయన కాళ్ల మీద పడింది.

పెద్దాయన రాతిగుండె మనిషేం కాదు. తెలిసి ప్రాణం తీసుకున్నవారికి చర్చి సమాధి లేదన్నది 1917 నాటి కతోలిక చట్టం. ఆయన చిన్నప్పుడు విన్నదీ, నమ్మిందీ అదే. కానీ 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథమైతే ఇంకో అడుగు ముందుకేసింది. తీవ్రమైన మనోవేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ, అలాంటివారి రక్షణ మీద ఆశ వదులుకోకూడదనీ చెప్పింది. రోములో మారిన రూలు మా ఊరు చేరడానికి ఎన్నేళ్లు పట్టిందో చూశారా!

ఫాదర్‌గారు వచ్చి ఈ సంగతి చెప్పాక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం గోడ లోపలే సమాధి చేశారు. మొదటి పిడికెడు మట్టి వేసింది ఆయనే.

వెండితెర కరుణకు ఏడవడం మనందరికీ తేలికే. తెల్లగుడ్డ మడత పెట్టాక, మన వీధిలో ఓడిపోయినవాడికి కాస్త చోటివ్వడం దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఏమంటారు?