మతిమరుపునకు వయసొక్కటే కారణమా?

కొన్నేండ్ల క్రిందట కోరుట్ల ప్రాంతపు పల్లె నుండి ఒక బీడీ కార్మికురాలిని ఆమె కుమారుడు నా వద్దకు తీసుకొని వచ్చినాడు. ఆమెకు 48 ఏండ్లు. "అయ్యగారూ, అమ్మకు ఏదీ యాదికుంటలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరుస్తున్నది. కట్టకు 25 బీడీలు కండ్లు మూసుకొని లెక్కపెట్టేది, ఇప్పుడు లెక్క తప్పుతున్నది" అన్నాడు. ఆమె మాత్రము "ముసలితనం బిడ్డా, గంతే" అని నవ్వినది.

నాడి చూచి, నిద్రను, ఆకలిని విచారించిన పిమ్మట ముట్లు ఎప్పుడు ఆగినవని అడిగినాను. "ముప్ఫై ఏండ్లకే గర్భసంచి తీసేసిండ్రు" అన్నది. అండాశయములు కూడ తీసినారా అని అడిగితే ఆమెకు తెలియదు. అప్పటి కాగితములు ఇంట లేవు.

48 ఏండ్లు ముసలితనము కాదు. ఆమె మరపునకు కారణము వెదకవలసినది వయసులో కాదు, వయసు కంటె ముందే ఎండిపోయిన స్రావములలో. ఈ సంగతి ప్రతి ఇంటివారు తెలిసికొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

శాస్త్రము చెప్పినది

ధర్మపురిలో గురువుగారి ఇంట ఉండి చదువుకొను దినములలో శార్ఙ్గధర సంహితను వల్లించెడివారము. పదేసి ఏండ్లకు ఒక్కొక్క గుణము మనిషిని వీడిపోవునని అందు చెప్పబడినది. నాలుగవ పదిలో మేధ, ఆరవ పదిలో చూపు, తొమ్మిదవ పదిలో బుద్ధి. స్త్రీలకు రజస్సు 12వ ఏట మొదలై 50వ ఏట క్షీణించునని సుశ్రుతుని మాట. వార్ధక్యమున వాతము ప్రబలునని, అందువలన నిద్ర, స్మృతి చెదరునని పెద్దలు చెప్పుదురు.

"క్షయము సహజమే, కాని దానికొక కాలము ఉన్నది. అకాలమున వచ్చిన క్షయమును శరీరము ఓర్వలేదు" అని మా గురువుగారు అనెడివారు. నేటి వైద్యశాస్త్రము కనుగొన్నది ఈ మాటకు చాల దగ్గరగా ఉన్నది.

స్రావములకు, మెదడునకు గల సంబంధము

వినాళ గ్రంథులు నేరుగా రక్తములోనికి విడుచు స్రావములనే హార్మోన్లు అందురు. స్త్రీల అండాశయముల నుండి వచ్చు ఈస్ట్రోజన్ సంతానము కొరకు మాత్రమే అని అనుకొనరాదు. మెదడులోని కణములు చక్కెరను శక్తిగా మార్చుకొనుటకు, ఒక కణము మరియొక కణముతో సంబంధము నిలుపుకొనుటకు అది తోడ్పడును. జ్ఞాపకములకు నెలవైన హిప్పోకాంపస్ అను భాగముపై దాని ప్రభావము ఎక్కువ. ముట్లుడుగు వయసున ఈ స్రావము తగ్గినపుడు ఒంటి నుండి ఆవిరులు, రాత్రి చెమటలు, నిద్రలేమి, మాట తోచకపోవుట కలుగును. చాలమందిలో మెదడు కొంత కాలమునకు ఈ మార్పునకు అలవాటుపడును. కావున ముట్లుడిగిన ప్రతి స్త్రీకి మతిమరుపు వ్యాధి వచ్చునని భయపడనక్కరలేదు.

పురుషులలో టెస్టోస్టిరాన్ ఒక్కమారుగా గాక ఏటికేడు స్వల్పముగా తగ్గును. వారికి నడివయసులోని మధుమేహము, రక్తపోటు, పొగాకు ఎక్కువ చేటు.

మన జిల్లాలలో గర్భసంచి ఆపరేషన్

తెల్లబట్ట, అధిక రక్తస్రావము, నడుము నొప్పి, క్యాన్సర్ వచ్చునేమోనన్న భయము – ఇవి చెప్పి గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఏ వాడకు పోయినను కనబడుదురు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశము మొత్తము మీద నూటికి 3 పైచిలుకు కాగా, తెలంగాణలోను ఆంధ్రప్రదేశ్‌లోను నూటికి 8 పైచిలుకు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టు మార్గదర్శకాలను అమలుపరచవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

గర్భసంచి మాత్రమే తీసి అండాశయములు ఉంచినచో స్రావము సాగుచుండును. ముట్లుడుగు దశ కొంత ముందుగా రావచ్చును. రెండు అండాశయములు కూడ తీసినచో స్రావము ఒక్కసారిగా ఆగిపోవును. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, ముట్లుడుగక ముందే అండాశయము తీసివేసిన స్త్రీలకు తరువాతి కాలమున మతిమరుపు వ్యాధి ముప్పు ఎక్కువగా కనబడినది. ఎంత చిన్న వయసున తీసినచో ముప్పు అంత ఎక్కువ. అందరికి వచ్చి తీరునని దీని అర్థము కాదు.

నిజముగా ప్రాణాపాయమున్నచోట ఆపరేషన్ తప్పదు. కాని సంతకము చేయుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను: మందులతో నయము కాదా? అండాశయములు ఉంచవచ్చునా? మరియొక వైద్యుని సలహా తీసికొనవచ్చునా? ఆపరేషన్ కాగితమును పట్టాదారు పుస్తకము వలె భద్రపరచవలెను.

హార్మోను మాత్రల సంగతి

చిన్న వయసున అండాశయములు పోయినవారికి, ఇతర అడ్డంకులు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయసు వరకు హార్మోను చికిత్స ఇచ్చుట నేటి స్త్రీవైద్యుల పద్ధతి. అది వారి పర్యవేక్షణలోనే జరుగవలెను. అరువది దాటిన తరువాత జ్ఞాపకశక్తి కొరకని ఈ మాత్రలు మొదలుపెట్టుట వేరు. 65 ఏండ్లు దాటిన స్త్రీలపై అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో, రెండు హార్మోన్లు కలిపి వాడినవారికి మతిమరుపు వ్యాధి తగ్గలేదు సరికదా, ముప్పు రెండింతలైనదని 2003లో తేలినది.

నా పొరపాటు

ఒకప్పుడు మతిమరుపుతో వచ్చిన ఒక ఇల్లాలికి వాతవృద్ధి అని తలచి ఆరు నెలలు బ్రాహ్మీఘృతము ఇచ్చినాను. ఆమె ముఖము ఉబ్బినది, గొంతు బొంగురుపోయినది, చలికి తాళలేకపోయినది, మలబద్ధకము ఉండినది. ఇవన్నియు చూచియు గ్రహింపలేకపోయినాను. తుదకు రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలినది. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకే మనిషి కోలుకొన్నది. ఆ ఆరు నెలలు ఆమె ఊరక బాధపడినది. అప్పటి నుండి మతిమరుపుతో ఎవరు వచ్చినను థైరాయిడ్, బి12 విటమిన్, మధుమేహ పరీక్షలు చేయించిన పిమ్మటనే ఔషధము ఆలోచించుచున్నాను. మనసులోని దిగులు కూడ మరపుగా కనబడును.

ఇంట చేయదగినవి

చరకుడు చెప్పిన మేధ్య రసాయనములు నాలుగు: మండూకపర్ణి అనబడు సరస్వతి ఆకు, అతిమధురము, తిప్పతీగ, శంఖపుష్పి. ఇవి ఆరోగ్యమునకు తోడు. ముదిరిన వ్యాధిని వెనుకకు మరల్చునని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు. సరస్వతి ఆకును వారమునకు రెండు మూడు మార్లు పప్పులోనో పచ్చడిగానో తినవచ్చును. రక్తపోటు గలవారు అతిమధురమును, కాలేయ వ్యాధి గలవారు తిప్పతీగను వైద్యుని అడుగక వాడరాదు.

జొన్నరొట్టె, ఆకుకూరలు, నువ్వులు, సోయా మన ప్రాంతపు పంటలే. రోజూ అరగంట నడక, రాత్రి అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన, వేళకు నిద్ర, నలుగురితో మాట ముచ్చట తప్పనిసరి. చెవి వినబడనిచో నిర్లక్ష్యము చేయరాదు. వినికిడి లోపము కూడ మతిమరుపు ముప్పును పెంచును.

బీడీ కార్మికురాలికి పరీక్షలలో థైరాయిడ్, బి12 లోపము కనబడలేదు. రాత్రులు నిద్ర లేదని మాత్రము తేలినది. నరముల వైద్యునికి చూపించి, నిద్రకు తగిన చికిత్స జరిపినాము. నాలుగు నెలలకు బీడీల లెక్క మునుపటంత కాకున్నను చాలవరకు కుదిరినది. ముందు ముందు ఎట్లుండునో చెప్పజాలను, ఏటేటా చూపించుకొమ్మన్నాను. మందు చీటీ తీసికొని లేచునప్పుడు ఆమె అడిగినది: "అయ్యగారూ, నా కోడలికి 28 ఏండ్లు. గర్భసంచి తీయించుకొమ్మని అంటున్నరు. ఏం చెయ్యాలె?"

పైన వ్రాసిన మూడు ప్రశ్నలు ఆ దినము ఆ కోడలి కొరకు చీటీ వెనుక వ్రాసి ఇచ్చినవే.