కన్ను ఎక్కడ? కత్తి ఎప్పుడు?

ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనువాదాలు చేసుకుంటూ బ్రతుకుతున్నవాణ్ణి కనుక ఇంట్లో ఎవరికి ఏ మాట కావలసి వచ్చినా నన్నే అడుగుతారు. ఖరగ్‌పూర్‌లో, ఇందాలోని మా ఇంటికి వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడు ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఆట ఆడుతూ, "మావయ్యా, ఫస్ట్ పర్సన్‌ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు. "ప్రథమ పురుష" అన్నాను, తల ఎత్తకుండానే.

వాలుకుర్చీలో ఉన్న నాన్నగారు పత్రిక పక్కన పెట్టారు. "తప్పు. 'నేను' అనేది ఉత్తమ పురుష. ప్రథమ పురుష అంటే 'వాడు'. పిల్లవాడు అడిగినదానికి సరిగ్గా ఎదురు చెప్పావు" అన్నారు. శ్రీకాకుళం జిల్లా పల్లెబడిలో చదివి, రైల్వేలో చేరి, ఇక్కడే పింఛను పుచ్చుకున్న మనిషి. అరవై ఏళ్ళ కిందటి వ్యాకరణం ఆయనకు ఇంకా కంఠస్థం. నా డిగ్రీ ఆ పూట నన్ను కాపాడలేదు.

వాడు అడిగినది వ్యాకరణం గురించి కాదు, కెమెరా గురించి. వీడియో ఆటలలో పాత్రధారణ ఆటలది ఒక పెద్ద కుటుంబం. ఆడేవాడు ఒక వీరుణ్ణో, వీరుల బృందాన్నో తనదిగా చేసుకుని, కథ వెంట నడుస్తూ, యుద్ధాలు చేస్తూ, అనుభవం కూడినకొద్దీ బలం పెంచుకుంటాడు. ఆ లోకాన్ని తెరమీద ఎవరి కంటితో చూపాలి? వీరుని కంటితోనే చూపితే ఉత్తమ పురుష: తెర అడుగున మన చేతులు, చేతిలో కత్తి మాత్రమే కనబడతాయి. వీరుని వెనుక నాలుగు బారల దూరంలో కన్ను నిలిపితే ప్రథమ పురుష: వాడు పరుగెత్తుతుంటే మనం వాడి వీపు చూస్తాం. ఇంకా పైకి పోయి, మేడమీద నుంచి పెరటిలోకి చూచినట్లు ఏటవాలుగా చూడటం మూడవ పద్ధతి. ఇంజనీరింగు విద్యార్థులు డ్రాయింగు క్లాసులో ఐసోమెట్రిక్ అని నేర్చుకునేది దీనికి దగ్గర చుట్టమే.

కన్ను కదిలితే యుద్ధమూ మారుతుంది. మేనల్లుడు ఆడుతున్నది 2011లో వచ్చిన స్కైరిమ్. అందులో వీరుని కంటితో చూస్తే విల్లు గురి చక్కగా కుదురుతుంది. కాని ముగ్గురు శత్రువులు చుట్టుముడితే వెనుకవాడు కనబడడు. మీట నొక్కి కన్నును వెనక్కు జరిపితే చుట్టూ ఉన్నవారంతా కనబడతారు.

తాతయ్యకు చూపిస్తానని వాడు ఉత్సాహపడ్డాడు. పది నిమిషాలకే నాన్నగారికి తల తిరిగి, కడుపులో తిప్పింది. కన్ను 'పరుగెత్తుతున్నాం' అంటుంది. చెవి లోపల తూకం చూచే అవయవం 'కూర్చునే ఉన్నాం' అంటుంది. ఈ తగవులో నలిగేది కడుపు. కన్ను వీరుని వెనక్కు జరిపాక కొంత నెమ్మదించింది గాని, అసలు చిక్కు వేరే ఉన్నది. డెబ్బై ఆరేళ్ళ వేళ్ళు వణుకుతాయి. మీట ఎక్కడున్నదో వెతుక్కునేలోగా తోడేలు మీద పడి చంపేసింది. "ఇది డ్రైవరు పనిరా, నాది కాదు" అని లేచిపోయారు.

ఆ మాట నాకు ఆలస్యంగా అర్థమైనది. నాన్నగారు ఉద్యోగకాలమంతా కేబిన్‌లో పనిచేశారు. మా చిన్నాన్న ఇంజను డ్రైవరు. డ్రైవరుకు తన ముందున్న పట్టాలు, వచ్చే సిగ్నలు మాత్రమే కనబడతాయి. కనబడిన క్షణంలోనే చెయ్యి కదలాలి. కేబిన్‌లో పానెల్ ముందు కూర్చున్నవానికి యార్డు యావత్తూ ఒక పటంలాగా పరచుకుని ఉంటుంది. బండి ఉన్నచోట ఎర్రదీపాలు. ఒక బండికి దారి కట్టగానే, దానికి అడ్డుపడే దారులన్నీ తాళం పడిపోతాయి. అది దాటేదాకా రెండవది ఆగవలసిందే. ఒకే స్టేషను, ఒకే బండి. కాని ఇద్దరి కళ్ళూ వేరు, ఇద్దరి కాలమూ వేరు. అన్నదమ్ములిద్దరూ ఎవరి పని కష్టమని భోజనాల దగ్గర వాదించుకోగా వింటూ పెరిగాను నేను.

ఆటల చరిత్ర చూస్తే ఈ వాదమే మరో రూపంలో కనబడుతుంది. ఈ కుటుంబానికి మూలపురుషుడు కంప్యూటరు కాదు, కాగితమూ పాచికలూ. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికనులు ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్లమీద సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడలలో నుంచి పుట్టింది. అందుకే అందులో పోరు వంతులవారీగా సాగుతుంది, మన చదరంగం వలె. 1981లో వచ్చిన విజర్డ్రీలో కన్ను వీరులదే, ఎదురుగా గీతలతో గీసిన నేలమాళిగలు. అయినా రాక్షసుడు మన ఆజ్ఞ పూర్తయ్యేదాకా కదలడు. అదే ఏడాది వచ్చిన అల్టిమాలో దేశాటన పైనుంచి, గుహలలో నడక సొంత కంటితో. జపానులో యూజీ హొరీ ఈ రెండింటినీ కలిపి 1986లో డ్రాగన్ క్వెస్ట్ చేశాడు: నడిచేటప్పుడు పైచూపు, పోరాటంలో శత్రువు ముఖాముఖి. మరుసటి ఏట ఫైనల్ ఫాంటసీ మన తోలుబొమ్మలాట తెరలాగా వీరులను కుడివైపు, శత్రువులను ఎడమవైపు నిలబెట్టింది.

కనుక కెమెరాకూ వేగానికీ పుట్టుకతో ముడి లేదు. కన్ను ఎక్కడ నిలవాలన్నది ఒక ప్రశ్న. ఎవరు ఎవరికోసం ఆగాలన్నది రెండవది. నన్నడిగితే రెండవదే బరువైనది.

దాని చరిత్రలో రెండు ముచ్చట్లు చెప్పుకోదగినవి. 1991 నాటి నాలుగవ ఫైనల్ ఫాంటసీకి యుద్ధవిధానం రచించిన హిరోయుకి ఇతో కారు పందెం చూస్తుండగా, ఒక్కొక్క కారుది ఒక్కొక్క వేగమని తట్టి, ప్రతి వీరునికీ నిండుతూ వచ్చే కాలపు గొట్టం పెట్టాడు. అది నిండగానే వాని వంతు; ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు గొట్టమూ నిండుతుంది. ఇక డియాబ్లో మొదట వంతులవారీ ఆటే. తోటివారు పట్టుబట్టగా డేవిడ్ బ్రెవిక్ ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని దాన్ని నిజకాలంలోకి మార్చాడట. ఎలుకమీట నొక్కగానే వీరుడు నడిచి వెళ్ళి అస్థిపంజరాన్ని కూల్చాడు. ఇక వెనక్కు పోలేదు. కన్ను పైనే ఉన్నది, గడియారం మాత్రం పరుగు మొదలుపెట్టింది. హైదరాబాదులో ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో విడుదల చేసిన అసుర ఆ బాటలోనిదే: పైచూపు, ఆగని కత్తి.

వీపు వెనుకనుంచి చూచే కన్నుకు వేరే తలనొప్పి ఉన్నది. మూడు కొలతల లోకంలో శత్రువు పక్కకు జరిగితే కెమెరా ఎటు తిరగాలి? దీనికి జవాబు పాత్రధారణకు పొరుగింటి ఆటలో, 1998 నాటి జెల్డాలో దొరికింది. దాన్ని తయారుచేసినవారు క్యోటోలోని సినిమా ఉద్యానంలో కత్తియుద్ధాల ప్రదర్శన చూశారు. కొడవలి గొలుసు కట్టిపడేసినట్లు ఒక యోధుడు మరొకని చుట్టూ తిరుగుతున్నాడు. మిగిలినవారు కత్తులు ఎత్తి, ఒక్కొక్కరుగా వస్తున్నారు. అందులోనుంచే మీట నొక్కి శత్రువుమీద చూపును కట్టివేసే ఏర్పాటు వచ్చింది. మన తెలుగు సినిమాలలో పదిమంది రౌడీలు మర్యాదగా వరుస పాటించి దెబ్బలు తినడం చూచి నవ్వుకునేవాళ్ళం. అది జపానులో సాంకేతిక విజ్ఞానమైనదని అప్పుడు తెలియదు.

నేడు ఎవరి అభిరుచి వారిది. పోలండులోని ఒకే సంస్థ 2015లో విచర్ మూడవ భాగాన్ని వీపు వెనుకనుంచి చూపింది. 2020లో సైబర్‌పంక్ 2077ను సొంత కంటికి అప్పగించింది. వంతులవారీ పోరుకు కాలం చెల్లిందని పండితులు తేల్చినాక 2023లో మూడవ బాల్డర్స్ గేట్ అదే పద్ధతితో లోకాన్ని గెలిచింది.

మేనల్లుడు రెండు రోజులు ఆలోచించి, 1997 నాటి ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ తెరిచి తాతయ్య ముందు పెట్టాడు. ఏటవాలు చూపు, గళ్ళ నేల, సింహాసనం కోసం దాయాదుల పోరు. మన వంతు వచ్చినప్పుడు ఆట కదలక నిలిచిపోతుంది, ఎంతసేపైనా. నాన్నగారు మొదట చేసినది యుద్ధం కాదు. కెమెరాను నాలుగు వైపులా తిప్పి, ఇంటి వెనుక దాగినవాణ్ణి పట్టుకున్నారు. ఎత్తునుంచి వేసిన బాణం ఎక్కువ దూరం పోతుందని తెలిశాక విలుకాణ్ణి మిద్దె ఎక్కించారు. వణికే వేలు మీట మీదికి చేరేదాకా శత్రుసైన్యమంతా ఓపికగా నిలబడి ఉన్నది. ఆట పిచ్చి అని మనుమణ్ణి కసిరిన మనిషి, రాత్రి మందు వేళ దాటిపోయినా లేవలేదు.

సెలవులైపోయి పిల్లవాడు హాస్టలుకు వెళ్ళిపోయాడు. కంప్యూటరూ వాడితోనే వెళ్ళింది, సగం యుద్ధం అందులోనే ఉన్నది. మొన్న వాడితో ఫోనులో మాట్లాడుతుంటే నాన్నగారు లోపలినుంచి కేక వేశారు: "దసరాకు వచ్చేదాకా ఆ మిద్దెమీదివాణ్ణి కదపవద్దని చెప్పు. వాడి కింద దారి కట్టి ఉంచాను."