కాల్‌బ్యాక్‌ల చిక్కుముడికి జాబితాతో చెక్

మీ ఫైనలియర్ ప్రాజెక్టు పాతబస్తీ టూరిస్ట్ మ్యాప్ అనుకోండి. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం.. ఒక్కోదానికీ ఒక గుర్తు. నొక్కితే ఫొటో, వేళలు రావాలి. (సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, డేటాలో మర్చిపోకండి!) మ్యాప్ కోసం ఉచితంగా దొరికే లీఫ్‌లెట్ లైబ్రరీ తీసుకున్నారు. చార్మినార్ చుట్టూ గుర్తులు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, వాటిని గుంపుగా చూపే మార్కర్‌క్లస్టర్ ప్లగిన్ కూడా కలిపారు.

తిరకాసు ఇక్కడే. లీఫ్‌లెట్ రాకముందే ప్లగిన్ నడిస్తే ఎర్రర్. అందుకని చాలామంది లైబ్రరీ కాల్‌బ్యాక్‌లో ప్లగిన్, దానిలోపల డేటా, దానిలోపల ఫొటోలు రాసేస్తారు. కోడ్ కుడివైపు జరుగుతూ పోతుంది. డెవలపర్లు దీన్నే ‘కాల్‌బ్యాక్ హెల్’ అంటారు. మధ్యలో ఒక్క అడుగు చేర్చాలన్నా బ్రాకెట్లు లెక్కపెట్టుకోవాల్సిందే.

జావాస్క్రిప్ట్‌లోకి 2015లో ప్రామిస్‌లు, 2017లో అసింక్-అవెయిట్ అధికారికంగా వచ్చాయి. కాబట్టి లోడ్ చేయాల్సినవన్నీ ఒక అర్రేలో రాయండి: పేరు, ఫైల్ అడ్రస్, తప్పనిసరా కాదా. తర్వాత అసింక్ ఫంక్షన్‌లో ఫర్-ఆఫ్ లూప్ పెట్టి, ఒక్కోదాన్నీ అవెయిట్ చేయండి. లూప్ లోపల ట్రై-క్యాచ్ ఉంచండి. లీఫ్‌లెట్ రాకపోతే ఆగాలి, ఫొటోలు రాకపోతే ముందుకెళ్లాలి. ఆ సంగతి జాబితాయే చెబుతుంది. రేపు ఇంకో ప్లగిన్ కావాలంటే ఒక్క లైను చేరిస్తే చాలు. ఫర్‌ఈచ్ మాత్రం వాడొద్దు. అందులో అవెయిట్ రాసినా అది ఆగదు, అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది.

నా దృష్టిలో అసలు పరీక్ష దీని తర్వాతే. కోడ్ శుభ్రంగా ఉందని అన్నింటినీ వరుసలో నిలబెడితే పేజీ నెమ్మదిస్తుంది. స్థలాల డేటా తెచ్చుకోవడానికి లీఫ్‌లెట్‌తో పనేముంది? లీఫ్‌లెట్, స్థలాల డేటా, ఫొటోల జాబితా తలా ఒక సెకను తీసుకుంటే వరుసలో 3 సెకన్లు. ప్రామిస్ డాట్ ఆల్‌తో కలిపి పంపితే దాదాపు ఒక సెకను. లాడ్‌బజార్ గల్లీలో సిగ్నల్ సరిగా లేని ఫోన్ పట్టుకున్న మనిషికి ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకే జాబితాను గుంపులుగా విడగొట్టండి. ఒక గుంపులోవి కలిసి వస్తాయి, గుంపులు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి. మొదటి గుంపులో లీఫ్‌లెట్, డేటా, ఫొటోల జాబితా. రెండో గుంపులో ప్లగిన్.

రెజ్యూమెలో ఈ ప్రాజెక్టు పెడితే, ‘ఇది దాని తర్వాతే ఎందుకు?’ అని అడుగుతారు. ప్రతి లైనుకూ జవాబు సిద్ధం చేసుకోండి. ఇంటర్వ్యూకు ముందురోజు క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి, ప్లగిన్ ఫైల్‌ను బ్లాక్ చేసి చూడండి. గుంపులు కట్టకపోయినా ఫర్వాలేదు, మ్యాప్ మీద చార్మినార్ గుర్తు కనిపించాలి.