బరువు నడుముకి... హాయి భుజాలకి!

తలకోన అడవికో, హిమాలయాలకో ట్రెక్కింగ్‌కి బయల్దేరతారు. కొత్త బూట్లు కొంటారు, టార్చి కొంటారు. బ్యాగు మాత్రం... ఇంట్లో ఉన్న కాలేజీ బ్యాగే! గంట నడిచేసరికి పట్టీలు భుజాల్ని కోసేస్తుంటాయి. ఇక జలపాతం ఎదురైనా ఆగి చూసే ఓపిక ఉండదు. ఎప్పుడు దించుకుందామా అన్నదే ధ్యాస.

బిందెడు నీళ్లు మోసుకొచ్చే అమ్మ దాన్ని నడుంమీదే ఎందుకు పెట్టుకుంటుంది? అక్కడైతే బరువు తుంటి ఎముక మీదుగా కాళ్లలోకి దిగుతుంది. ట్రెక్కింగ్ బ్యాగుకి ఉండే వెడల్పాటి నడుం బెల్టు చేసే పనీ అదే. 1952లో బ్యాగుల తయారీ మొదలుపెట్టిన అమెరికన్ డిక్ కెల్టీ, అంతకుముందు ఓ కొండ ప్రయాణంలో బ్యాగు ఫ్రేము కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకున్నాడట. భుజాలు తేలికపడ్డాయి. నడుం బెల్టుకి ఆ అనుభవమే దారిచూపింది.

వెన్నుకి తగ్గ సైజు

బ్యాగు ఎంపికలో మనిషి ఎత్తుకన్నా వెన్ను పొడవు ముఖ్యం. తల ముందుకు వంచితే మెడ కింద ఓ ఎముక పైకి తేలుతుంది. తుంటి ఎముకల పైఅంచు మీద చేతులు ఆనించి, బొటనవేళ్లను వెనక్కి పెట్టాలి. ఆ రెండు వేళ్ల మధ్య గీత నుంచి మెడ ఎముక దాకా టేపుతో కొలిస్తే అదే మీ సైజు. ఒకే ఎత్తున్న అన్నదమ్ములకీ ఇది వేరుగా ఉండొచ్చు. ఒక్కరోజు నడకకి 20-30 లీటర్ల బ్యాగు సరిపోతుంది. రెండు మూడు రోజులకి 40-50, టెంటు కూడా మోయాలంటే 60-70 లీటర్లు కావాలి.

షాపులో ఖాళీ బ్యాగు ఏదైనా హాయిగానే ఉంటుంది. అందుకే ఏడెనిమిది కిలోల బరువు వేయించుకుని వేసుకోండి. ముందు నడుం బెల్టు బిగించాలి... పొట్టమీద కాదు, తుంటి ఎముకమీద. ఆ తర్వాత భుజం పట్టీలు, చివరగా ఛాతీ పట్టీ. పావుగంట అటూ ఇటూ నడిస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో తెలిసిపోతుంది.

సర్దడంలోనూ ఉంది

స్లీపింగ్ బ్యాగు అడుగున, నీళ్లూ స్టవ్వూ లాంటి బరువులు మధ్యలో వీపుకి ఆనుకుని, రెయిన్‌కోటు పైన ఉండాలి. బరువు వీపుకి దూరమైతే మనిషిని వెనక్కి లాగుతుంది. మొత్తం మీ బరువులో అయిదోవంతు దాటకూడదు. అంటే 60 కిలోల మనిషికి 12 కిలోలే. లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసుకుంటే వానొచ్చినా బట్టలు తడవవు.

ప్రయాణానికి వారం ముందే బ్యాగు నింపుకుని అపార్ట్‌మెంటు మెట్లు పదిసార్లు ఎక్కి దిగండి. నొప్పి ఇంటిదగ్గరే బయటపడితే పట్టీలు సరిచేసుకోవచ్చు, అక్కర్లేనివి తీసేయొచ్చు. కొండని తలెత్తి చూడటానికే కదా అంతదూరం వెళ్లేది!