బ్రౌజరు చేతికిచ్చిన ఛాయాచిత్రము

దరఖాస్తు కాగితముపై ఛాయాచిత్రమును జిగురుతో అంటించి తపాలాలో పంపు దినములు చాలవరకు గతించినవి. నేడు విద్యార్థి బ్రౌజరునందలి పేజీలోనే తన చిత్రమును జతపరచవలసియున్నది. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్నపుడు ఒక బాలిక ఉపకారవేతనపు గడువు ముగియు దినమున సాయంకాలమువరకు ఈ యత్నము చేసి విఫలురాలయ్యెను. ఆమె చిత్రము 3 మెగాబైట్లు. ఆ పేజీ అంగీకరించునది 50 కిలోబైట్లు. చిత్రమంతయు సర్వరునకు చేరిన పిమ్మటగాని ఆ సంగతి బయటపడలేదు. మా యూరి నెట్టు వేగమున అది చేరుటకే చాలసేపు పట్టెడిది, చేరినంతనే తిరస్కారము! ఆ సంవత్సరము ఆమెకు వేతనము రాలేదు. నిజమునకు ఆ మాట చెప్పుటకు చిత్రము అంతదూరము పోనక్కరలేదు. ఎదుటనున్న కంప్యూటరే చెప్పగలదు. అది ఎట్లో తెలిసికొందము.

పేజీతోకూడ వచ్చి మన కంప్యూటరులోనే పనిచేయు ఆదేశములను జావాస్క్రిప్టు అను భాషలో వ్రాయుదురు. దీనిని 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. ఎవరో యెరుగనివారి పేజీ తెచ్చిన ఆదేశములు మన ఫైళ్ల నడుమ స్వేచ్ఛగా సంచరించినచో మన గుట్టు నిలుచునా? కావున బ్రౌజరు వానిని కట్టడి చేసినది. క్రొత్తవానిని వసారాలో కూర్చుండబెట్టి, కోరిన వస్తువును మనమే లోపలినుండి తెచ్చి యిచ్చు పద్ధతి యిది. ఫైలు కావలెనని పేజీ అడుగును, ఎంచువారము మనము. ఎంచిన ఫైలు తప్ప ప్రక్కనున్నది దానికి కనబడదు. ఆ ఫైలు ఏ అరలోనుండి వచ్చినదో కూడ తెలియదు. మార్గమడిగినచో ‘సి: ఫేక్‌పాత్’ అను కల్పితమైన త్రోవను బ్రౌజరు చూపును!

చిరకాలము ఫైలును ఎంచి సర్వరునకు పంపుటయే గాని, దాని లోపలిభాగమును పేజీ చదువుటకు సరియైన మార్గము లేకుండెను. 2009లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఇందులకు ముసాయిదా నియమములను ప్రకటించెను. 2010 జనవరిలో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 3.6 లో ఈ సదుపాయము చేరెను.

ఫైలును ఎంచినంతనే దాని పేరు, బైట్లలో పరిమాణము, రకము, కడపట మార్చిన తేదీ పేజీకి అందును. ఫైలును తెరువకయే పరిమాణము తెలియును. ఆ బాలిక విషయమున ఈ యొక్క అంకె చాలియుండెడిది. రకమును మాత్రము గ్రుడ్డిగా నమ్మరాదు. బ్రౌజరు సాధారణముగా పేరు చివరి తోకను చూచియే రకమును నిర్ణయించును. వ్యాసమునకు ‘జేపీజీ’ తోక తగిలించినచో దానిని చిత్రమనియే చెప్పును. మొదటి బైట్లను చదివినచో గుట్టు బయటపడును. జేపెగ్ చిత్రము 255, 216 అను సంఖ్యలతోను, పీఎన్‌జీ చిత్రము 137, 80, 78, 71 అను సంఖ్యలతోను ఆరంభమగును. ఇంత చేసినను సర్వరు మరల పరీక్షింపవలసినదే. ఏలయన పేజీలోని ఆదేశములను తప్పించుకొని పంపుట తెలిసినవారికి కష్టము కాదు.

ఎంచిన చిత్రమును పేజీలో చూపుటకు రెండు దారులు కలవు. ఫైల్‌రీడర్ అను సాధనము చిత్రమును చదివి అక్షరముల వరుసగా మార్చి యిచ్చును. ప్రతి 3 బైట్లు 4 అక్షరములగును గనుక, 3 మెగాబైట్ల చిత్రము 4 మెగాబైట్లగును. రెండవది, ఫైలునకు ఒక తాత్కాలికమైన చిరునామా నిచ్చుట. చూపుటకు మాత్రమే యైనచో ఇదియే మేలని నా యభిప్రాయము. కాని పని ముగిసిన పిదప ఆ చిరునామాను రద్దుచేయవలెను. లేనిచో పేజీ మూయువరకు జ్ఞాపకశక్తిలో కొంత చోటు వృథాగా చిక్కుపడియుండును.

ఇక చిత్రమును చిన్నది చేయుట. వెడల్పున 3000, ఎత్తున 4000 చుక్కలున్న చిత్రములో మొత్తము 1,20,00,000 చుక్కలుండును. తెరచినపుడు చుక్కకు 4 బైట్ల చొప్పున 4 కోట్ల 80 లక్షల బైట్లు కావలెను. ఫైలు 3 మెగాబైట్లే గదా యని తలచినవారు ఇచ్చటనే మోసపోవుదురు. పాత ఫోనులు తడబడుటయు ఇచ్చటనే. ఈ చిత్రమును కాన్వాస్ అను పలకపై 300కు 400 చుక్కలుగా తిరిగి గీయించి, జేపెగ్ ఫైలుగా తీసికొనవలెను. వెడల్పు ఎత్తుల నిష్పత్తి చెడినచో ముఖము గుమ్మడిపండగును! ఫైలు ఇంకను 50 కిలోబైట్లు మించినచో నాణ్యతను కొంచెము తగ్గించి మరల తీయవచ్చును. ఇదంతయు సర్వరునకు ఒక్క బైటైనను పంపక మునుపే జరుగును.

ఫోనులో స్థలమును గుర్తించు ఏర్పాటును తెరచి యుంచినచో, చిత్రము తీసిన చోటి అక్షాంశ రేఖాంశములు ఫైలులో దాగియుండుట కలదు. ఇంటి ముంగిట తీసిన చిత్రమును ఉన్నదున్నట్లు పంపుట, అడుగనివారికిని ఇల్లు చూపుటయే. కాన్వాస్‌పై తిరిగి గీసి తీసిన ప్రతిలో ఆ వివరములు చేరవు.